సరుకు బండికి స్టాండు

మా ఇంట్లో స్టాండు అన్న మాట తిట్టుతో సమానం. మా నాన్న పోటీ సైకిళ్ళు తయారుచేసేవాడు. ఆయన చేసిన సైకిళ్ళ మీద గెలిచినవాళ్ళ ఫొటోలు మా వర్క్‌షాపు గోడ నిండా ఉన్నాయి. వాటిలో ఒక్క సైకిలుకైనా స్టాండు ఉంటే చూపించండి. పందెంలో అక్కర్లేనిదేదీ సైకిలు మీద ఉండకూడదు. తొక్కనప్పుడు దాన్ని కొక్కేనికి తగిలించాలి, లేదా ఎవరైనా చేత్తో పట్టుకోవాలి. చుట్టాలెవరైనా స్టాండున్న సైకిలు మీద వస్తే నాన్న మంచినీళ్ళిచ్చి, క్షేమసమాచారాలన్నీ అడిగి, ఆ సైకిలును మాత్రం గేటు బయటే పెట్టించేవాడు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని నేను.

నాన్న పోయాక కంపెనీ అన్నయ్య చేతికొచ్చింది, పరీక్షల గది నా చేతికొచ్చింది. తయారైన ఫ్రేముల్ని బిగించి, కుదిపి, వంచి, ఎంతకు విరుగుతాయో చూడటం నా పని. వస్తువుల్ని విరగ్గొట్టి జీతం తీసుకునేదాన్ని నేనొక్కదాన్నేనని అన్నయ్య ఏడిపిస్తాడు. మా ఆయన అక్కడే పెద్ద వెల్డరు. పెళ్ళికి ముందు ఇద్దరం ఒకే బల్ల దగ్గర పని నేర్చుకున్నాం కాబట్టి మా మధ్య మీరులూ గార్లూ లేవు. అతను అతికిన ఫ్రేములో అతుకు ఎక్కడుందో కంటికి కనిపించదు, వేలితో తడిమినా తెలియదు. వెల్డింగు అయ్యాక ఆకురాయి పట్టుకుని కూర్చుని, ప్రతి అతుకునూ నున్నగా రాకి, అప్పుడు రంగుకు పంపిస్తాడు. మా సైకిలు ధర వింటే జనం గుండె పట్టుకోవడానికి సగం కారణం ఆ ఆకురాయే.

కొంతకాలంగా అలా గుండె పట్టుకునేవాళ్ళు కూడా మా షాపుకు రావడం తగ్గింది. రోడ్ల మీద మాత్రం సైకిళ్ళు పెరిగాయి. పార్సెళ్ళు, మందులు, కూరగాయలు, నీళ్ళ డబ్బాలు మోసుకుంటూ తిరిగే బ్యాటరీ సైకిళ్ళవి. నిన్నటిదాకా వాటిని చూసి ముక్కు చిట్లించిన పెద్ద పేరున్న కంపెనీలన్నీ ఒకదాని వెనక ఒకటి చవక సరుకు బండ్లలోకి దిగాయి. మేమూ దిగక తప్పలేదు. ఎలా దిగాలన్న దగ్గరే నాకూ అన్నయ్యకూ చెడింది.

“బయట ఒక ఫ్యాక్టరీ ఉంది. మోటారుతో సహా బండి మొత్తం వాళ్ళే చేసిస్తారు. మనం మన పేరు అంటించి అమ్ముకోవడమే,” అన్నాడు అన్నయ్య.

“మరి మన వెల్డర్లేం చేస్తారు? పేరు అంటిస్తారా?”

“అందరూ అదే చేస్తున్నారే అమ్మడూ.”

“అందరూ చేసేదే మనమూ చేస్తే ఇంక మన పేరెందుకు? ఆ బండి మన షాపులోనే చేయొచ్చు. ఆ ధరకే చేయొచ్చు. నేను చేసి చూపిస్తాను.”

అన్నయ్య చెడ్డవాడు కాదు, కాస్త జాగ్రత్త ఎక్కువ. నాకేమో జాగ్రత్త తప్ప మిగతావన్నీ ఎక్కువేనని మా అమ్మ అనేది. నేను మా షాపులో నమూనా బండి ఒకటి చేయించాక, చివరికి మా ఇద్దరికీ పెద్దక్క దగ్గర రాజీ కుదిరింది. పెద్దక్క మా పేటలో ఉన్న పెద్ద లాండ్రీకి యజమానురాలు. వయసులో ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా ఆమెను పెద్దక్కా అనే పిలుస్తారు. క్లినిక్కులకూ లాడ్జీలకూ ఉతికిన దుప్పట్లు చేరవేసి, మాసినవి వెనక్కి తెచ్చే మనుషులు ఆమె దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్ళందరికీ కొత్త బ్యాటరీ బండ్లు కొనాలని చూస్తోంది.

“ఆవిడ నీ బండి తీసుకుంటే అన్నీ మన షాపులోనే చేద్దాం. వద్దందో, వారం తిరిగేలోపు ఫ్యాక్టరీ ఆయనకు సరే చెప్పేస్తాను. ఆ తర్వాత నాతో వాదనకు రాకూడదు,” అన్నాడు అన్నయ్య.

“ఆ ఫ్యాక్టరీ ఆయన ఫోను నంబరు ఎక్కడైనా పారేసుకో. నీకు దానితో పని పడదు,” అన్నాను.

గొప్పలకు అన్న మాట కాదు. నా బండి సంగతి నాకు తెలుసు. ఫ్రేమును పరీక్ష బల్ల బిగింపుల్లో పెట్టి నేను పెట్టని హింస లేదు. సరుకు పెట్టెలో ఇసుక బస్తాలు వేసి ఎత్తుల మీద తొక్కాను, వానలో బ్రేకు వేశాను, గతుకుల్లో పరిగెత్తించాను. అది మూలగనైనా లేదు.

పెద్దక్క దగ్గరికి బండి నేనే తీసుకెళ్ళాను. లాండ్రీ వరండాలో ఆవిరి కమ్ముకుని ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు దుప్పటి చెరో కొసా పట్టుకుని మడతలు పెడుతూ, నా వంకా బండి వంకా చూసి నవ్వుకున్నారు. పెద్దక్క బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

“చూడ్డానికి బాగుంది తల్లీ. పెళ్ళికొడుకులా ఉంది. పని చేస్తుందా మరి?”

“ఈ రోజు మీ మనిషికి బదులు నేనే తిరుగుతానక్కా. సాయంత్రం మీరే చెప్పండి.”

పెట్టె నిండా దుప్పట్లు సర్దించింది. క్లినిక్కు ఎత్తు మీద ఉంటుంది. ఆ ఎత్తు ఎక్కేటప్పుడు మిగతా బండ్ల వాళ్ళు దిగి తోస్తుంటే, నేను కూర్చునే వాళ్ళను దాటుకుపోయాను. వాళ్ళలో ఒకాయన ఆగి, చెమట తుడుచుకుని, నా మోటారు వైపు చూశాడు. నాకు మీసాలుంటే అప్పుడు మెలేసేదాన్ని.

క్లినిక్కు గుమ్మం ముందు బ్రేకు వేసి దిగాను. దిగాక ఏం చెయ్యాలో తోచలేదు. దుప్పట్లు లోపలికి తీసుకెళ్ళాలంటే రెండు చేతులూ కావాలి, ఆ రెండు చేతులూ బండిని పట్టుకుని ఉన్నాయి. నిజం చెబుతున్నాను, నా కళ్ళు గోడ మీద కొక్కెం కోసం వెతికాయి. పుట్టి బుద్ధెరిగాక సైకిలు దిగిన ప్రతిసారీ నాకు కొక్కెమో, బిగింపో, పట్టుకునే మనిషో దొరికారు. క్లినిక్కు గోడకు నోటీసు బోర్డు తప్ప ఇంకేం లేదు.

సరేనని బండిని గోడకు ఆనించి, ఒక కట్ట ఎత్తుకుని గుమ్మంలో కాలు పెట్టాను. వెనక గోడ గీసుకుపోతున్న చప్పుడయింది. ముందు చక్రం మెల్లగా పక్కకు తిరిగింది, బండి గోడను ఒరుసుకుంటూ కిందికి జారింది, పెట్టె మూత తెరుచుకుంది. తెల్లగా, వేడివేడిగా మడతపెట్టిన దుప్పట్లు నిన్నటి వాన నీళ్ళలో పరుచుకున్నాయి. క్లినిక్కు నుంచి బయటికొస్తున్న ఒక పెద్దాయన వాటి మీద కాలు పడకుండా చాలా మర్యాదగా పక్కనుంచి నడిచి వెళ్ళాడు. ఆ మర్యాదకు నాకు తల కొట్టేసినట్టయింది.

పెద్దక్క అరవలేదు. తడిసిన కట్ట విప్పి చూసి, “మళ్ళీ ఉతకాలి,” అంది. “నువ్వు మాట తప్పే మనిషిలా లేవు. ఇంకొకసారి రా. ఆ రోజు ఒక్క దుప్పటి కూడా నేల తాకకూడదు. తాకిందంటే, ఫ్యాక్టరీ బండ్ల వాళ్ళు కూడా నా చుట్టూ తిరుగుతున్నారు, వాళ్ళకే చెప్పేస్తాను.”

వర్క్‌షాపుకు తిరిగొచ్చేసరికి కబురు నాకంటే ముందే చేరింది. అన్నయ్య నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది, జాలిగా చూశాడు. అది నాకు ఒళ్ళు మండించింది.

“స్టాండు కావాలనుకున్నవాళ్ళు విడిగా కొని బిగించుకుంటారులే అనుకున్నాం కదా,” అన్నాడు.

“అనుకున్నది నువ్వు. నేను అది కూడా అనుకోలేదు. అసలు స్టాండు సంగతే నా బుర్రకు తట్టలేదు. ఇక్కడ ఎవరి బుర్రకూ తట్టలేదు. కాగితం మీద గీసిన దగ్గర్నుంచి ఈ రోజు దాకా ఈ బండిని ఎవరో ఒకరు పట్టుకునే ఉన్నారన్నయ్యా. ఒంటరిగా నేల మీద నిలబడటం దానికి ఈ రోజే మొదలు. మనం పరిగెత్తేదాన్నే చేశాం. సరుకు బండి పరిగెత్తేది ఎంతసేపు? గుమ్మం గుమ్మం దగ్గరా ఆగుతుంది. ఆగడమే దాని ఉద్యోగం.”

“అయితే స్టాండు పెట్టు. డబుల్ స్టాండు, వెడల్పుది, అంత బరువు మోసేది. దాని ఖర్చు ఎక్కడ సర్దుతావు? ధర పెరిగిందంటే ఈ బండి చేసి ఉపయోగం లేదు. ఫ్యాక్టరీ ఆయన వారాంతానికి ఫోను చేస్తానన్నాడు.”

“చెయ్యనీ,” అన్నాను. నాకు అప్పటికే జవాబు తెలుసు. ఆ జవాబు మా ఆయనకు చెప్పడమొక్కటే కష్టం.

మా ఆయన బల్ల దగ్గర ఒక పోటీ ఫ్రేముకు ఆకురాయి పడుతున్నాడు. నేను పక్కన నిలబడితే తల ఎత్తకుండానే, “నాకు తెలిసిందిలే. స్టాండు నేను చేసిస్తాను. దానికింత మొహం పెట్టుకోవాలా?” అన్నాడు.

“స్టాండు చేస్తే సరిపోదు. దానికి పట్టే గంటలు ఇంకెక్కడో మిగలాలి. సరుకు బండి అతుకుల్ని ఆకురాయితో రాకొద్దు. వెల్డింగు చేసింది చేసినట్టు వదిలెయ్.”

ఆకురాయి ఆగింది. “గరుకుగానా?”

“గరుకుగానే.”

“జనం చూసేలాగా?”

“చూస్తే ఏం పోయింది?”

“పోయింది నా పరువు. చొక్కా వేసుకోకుండా పెళ్ళికి రమ్మన్నట్టుంది నీ మాట. ఇంతకాలం నా అతుకు కనిపించదనే కదా ఈ కంపెనీకి పేరు? దాన్నిప్పుడు కుట్టు విప్పి వీధిలో చూపించమంటావా? దానికంటే ఆ ఫ్యాక్టరీ బండే నయం. అందులో నా చెయ్యి ఉండదు, నాకు సిగ్గూ ఉండదు.”

“నీ చెయ్యి లేని బండి మీద మన పేరెందుకని నేను అన్నయ్యతో పోట్లాడి వచ్చాను. నువ్వు నాకిచ్చే బహుమానం ఇదా?”

అతను ఆకురాయి బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, పక్క షెడ్డులోకి వెళ్ళిపోయాడు. నేనూ వెనక వెళ్ళలేదు. కోపం వచ్చినప్పుడు మా ఇద్దరికీ మధ్య ఒక గోడైనా ఉండటం మంచిదని ఇద్దరికీ తెలుసు. కానీ లోపల నాకు దిగులుగానే ఉంది. అన్నయ్యను ఒప్పించగలను, పెద్దక్కను ఒప్పించగలను. ఈ మనిషి కాదంటే మాత్రం బలవంతం చెయ్యలేను. అతను మనసు పెట్టకుండా చేసిన బండి నాకూ అక్కర్లేదు.

మధ్యాహ్నమంతా షెడ్డులోంచి వెల్డింగు టార్చి చప్పుడు వినిపిస్తూనే ఉంది. టీ పట్టుకుని వెళ్ళాను. నేల మీద పారేసిన గొట్టం ముక్కలు వరసగా ఉన్నాయి, ప్రతి ముక్కకూ ఒక అతుకు. మొదటివి ఎగుడుదిగుడుగా ఉన్నాయి. పోనుపోను చక్కబడ్డాయి. చివరి ముక్క ఇంకా వేడిగా ఉంది. దాని చుట్టూ అతుకు ఒత్తుగా జడ అల్లినట్టు, పాయ మీద పాయ, ఎక్కడా వదులు లేకుండా తిరిగింది.

ముసుగు పైకెత్తి టీ అందుకున్నాడు. “ఎలాగూ రాకేస్తాం కదా అని ఇన్నాళ్ళూ ఒక ధీమా ఉండేది. కొంచెం అటూ ఇటూ అయినా ఆకురాయి కడుపులో పెట్టుకునేది. ఇప్పుడా ధీమా లేదు. మొదటిసారే సరిగ్గా పడాలి. చెయ్యి వణికిందంటే ఊరంతా చూస్తుంది.” ఆ ముక్కను వెలుతురులో తిప్పి చూసుకున్నాడు. “కష్టంగానే ఉంది. కానీ బాగుంది.”

“బాగుండటం కాదు. నాకు ఏడుపొస్తోంది,” అన్నాను. నిజంగానే వచ్చింది.

“ఏడుపు తర్వాత. స్టాండు కాళ్ళు ఎంత వెడల్పు ఉండాలో చెప్పు.”

మా ఆయన ఆ బండికి గరుకు అతుకులతో కొత్త ఫ్రేము కట్టాడు. నేను పరీక్షల గదిలో బిగింపులన్నీ పక్కన పెట్టేశాను. చెక్క పలకను క్లినిక్కు వీధంత వాలుగా ఆనించి, దాని మీద బండిని నిండు పెట్టెతో నిలబెట్టాం. ఎవరూ పట్టుకోకూడదని షరతు. మొదటి స్టాండు వంగింది. తర్వాతది వంగలేదు కానీ, బండి నిలబడ్డప్పుడు ముందు చక్రం పక్కకు తిరిగిపోయింది. చక్రాన్ని నిటారుగా పట్టి ఉంచడానికి ఒక చిన్న స్ప్రింగు నేను అమర్చాను. అప్పట్నుంచి ఆ దారిన పోయే ప్రతివాళ్ళూ బండికో నడుం తగిలించి పోవడం ఆటయింది. రంగు వేసేవాళ్ళు తోశారు, ఆఫీసువాళ్ళు తోశారు. నేను కాలితో తన్నాను. తన్నడం నా ఉద్యోగం కాబట్టి గట్టిగానే తన్నాను. బండి ఊగి, మళ్ళీ తన చోట తాను నిలబడింది.

అన్నయ్య వచ్చి చూశాడు. ముందు స్టాండు చూశాడు, తర్వాత రాకకుండా వదిలేసిన అతుకుల మీద వేలు పెట్టి చూశాడు. “నాన్న ఉంటే ఈ బండిని గేటు బయట పెట్టించేవాడు,” అన్నాడు.

“పెట్టించేవాడే. గేటు బయటే కదా దీని పని.”

అతనికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. “పెద్దక్క దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నావు?”

“మనిద్దరం వెళ్తున్నాం. తొక్కేది నువ్వే.”

నీళ్ళు నమిలాడు కానీ వదల్లేదు నేను. ఆ బండి మీద నిర్ణయం తీసుకునే మనిషి దాని మీదే కూర్చోవాలన్నాను. మర్నాడు పొద్దున పెద్దక్క పెట్టె నింపించి, మా కంపెనీ యజమానే తన దుప్పట్లు మోస్తున్నందుకు తెగ సంబరపడింది. “జాగ్రత్త నాయనా, ఇవి ఉతికినవి,” అంది. ఒకప్పుడు నాన్న సైకిళ్ళ మీద పందేలు తొక్కిన అన్నయ్య, అలవాటు కొద్దీ పందెంలోలాగా హ్యాండిల్ మీదికి వంగి బయల్దేరాడు. నేను పాత సైకిలు మీద వెనకే వెళ్ళాను.

మొదటి లాడ్జీ దగ్గర స్టాండు ఎలా వెయ్యాలో తెలియక బండిని వెనక్కి లాగుతూ కుస్తీ పట్టాడు. లాగొద్దు, కాలితో తొక్కు, బరువంతా కాలి మీద పెట్టు అన్నాను. తొక్కాడు. బండి తనంతట తాను లేచి స్టాండు మీద కూర్చుంది. అప్పుడు అన్నయ్య మొహం చూడాలి. పందేలు గెలిచినప్పుడు కూడా అంత ఆశ్చర్యపోయిన గుర్తు లేదు. ఆ తర్వాత ప్రతి గుమ్మం దగ్గరా నన్ను దగ్గరికి రానివ్వకుండా తనే వేశాడు. మాసిన దుప్పట్లు ఎక్కించుకున్నాడు, ఉతికినవి దించాడు. ఒక చోట కాపలాదారు తొందరపెడితే ‘వస్తున్నానండీ’ అని పరిగెత్తాడు.

క్లినిక్కు ఎత్తుకు చేరాం. మొన్న బండి జారిన గోడ మీద గీతలు ఇంకా ఉన్నాయి. అన్నయ్య ఆ వాలులోనే, గోడకు దూరంగా, వీధి మధ్యకు వచ్చి ఆపాడు. స్టాండు తొక్కాడు. బండి నిలబడింది. అప్పుడే అతని జేబులో ఫోను మోగింది. ఫ్యాక్టరీ ఆయన. అన్నయ్య ఫోను చేతిలో పట్టుకుని నా వంక చూశాడు. నా చెయ్యి పెట్టె మీద ఉంది. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు.

“చెయ్యి తియ్యి,” అన్నాడు.

తీశాను. పక్కనుంచి ఒక లారీ పోయింది, గాలికి పెట్టె మీద కప్పిన గుడ్డ ఎగిరింది. బండి కదల్లేదు. అన్నయ్య చూపు చక్రాల దగ్గర్నుంచి మెల్లగా అతుకుల మీదికి వచ్చింది, అక్కడ కాసేపు ఆగింది. పెద్దక్క జవాబు ఇంకా రాలేదు. ఇంకా రెండు వీధులు తిరగాలి. అతను ఎప్పుడూ అన్నీ చేతికొచ్చాక మాట ఇచ్చే మనిషి. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“మీ బండ్లు వద్దండీ. మేమే చేసుకుంటున్నాం. లేదు, ధర గురించి కాదు. మా దగ్గర చేసేవాళ్ళున్నారు.”

ఫోను జేబులో వేసుకుని, దుప్పట్ల కట్ట భుజానికెత్తుకుని, గుమ్మంలోకి వెళ్ళిపోయాడు. నడివీధిలో బండీ నేనూ మిగిలాం. మేమిద్దరం ఎవరి కాళ్ళ మీద వాళ్ళం నిలబడి ఉన్నాం. నాకు పెద్దగా నవ్వాలనిపించింది, నవ్వాను.

లాండ్రీకి తిరిగొచ్చాక పెద్దక్క కట్టలన్నీ విప్పించింది, మట్టి కోసం వెతికింది. దొరకలేదు. అప్పుడు బండి దగ్గరికొచ్చి భుజంతో గట్టిగా ఒక తోపు తోసింది. ఊగింది, నిలబడింది. “మా వాళ్ళందరికీ ఇవే చెయ్యండి,” అని, మళ్ళీ ఆవిరిలోకి వెళ్ళిపోయింది.

నేను అక్కడ్నుంచే మా ఆయనకు ఫోను చేశాను. చాలాసేపు ఎత్తలేదు. ఎత్తాక కూడా వెనక టార్చి చప్పుడే.

“పెద్దక్క తీసుకుంది. అన్నయ్య ఫ్యాక్టరీ ఆయన్ని వద్దనేశాడు, అది కూడా ఆవిడ చెప్పకముందే. ఇక అన్నీ మన షాపులోనే. వింటున్నావా? పనాపి ఒక్క నిమిషం సంతోషించు.”

“ఆపడానికి కుదరదు, అతుకు మధ్యలో ఉన్నాను.”

“ఏ అతుకు? ఉన్న ఒక్క బండీ ఇక్కడుంది కదా.”

“రెండో బండిది,” అన్నాడు. “పొద్దున మీరటు వెళ్ళగానే మొదలెట్టాను.”